పుంజుల మందుపెట్టె

"ఇవి అమ్మ పరుపు కిందకి ఎలా వచ్చాయి నాన్నా?"

లూడీ నాలుగు ఖాళీ మాత్రల షీట్లు తెచ్చి భోజనాల బల్ల మీద వరసగా పరిచింది. ప్రతి షీటు వెనకా మెడ నిక్కించి కూస్తున్న కోడిపుంజు బొమ్మ ఉంది.

మాంగ్ దోరో కప్పు పట్టుకుని కాఫీ ఊదుకుంటున్నాడు. ఆ కాఫీ చల్లారి అరగంటయింది.

"నిన్నే అడిగేది."

"పరుపు కింద పెట్టింది నేను కాదు."

"పెట్టిందెవరని అడగలేదు. మింగిందెవరని అడుగుతున్నాను."

తెర వెనక గదిలోంచి పురింగ్ గొంతు వినిపించింది. "నేనేనే తల్లీ. నా పరుపు కింద ఉన్నాయంటే నేను కాక ఎలకలు మింగుతాయా? పొద్దున్నే ఆయన్ని కాఫీ కూడా తాగనివ్వవేం?"

"నువ్వు గట్టిగా మాట్లాడకమ్మా. కుట్లు లాగుతాయి."

"కుట్లెక్కడున్నాయే లాగడానికి? విడిపోయి పది రోజులైంది."

మాంగ్ దోరో ఆ చల్లారిన కాఫీనే మళ్ళీ ఊదాడు.

పురింగ్ పిత్తాశయంలో రాళ్ళు తీసి ఐదు వారాలు. కుడి డొక్క కింద జానెడు కోత. మానినట్టే మాని చీము పట్టింది, తగ్గినట్టే తగ్గి మళ్ళీ పట్టింది. కబురు తెలిసి, లీపా పట్నంలో బడిపిల్లలకి పాఠాలు చెప్పుకుంటున్న లూడీ సెలవు పెట్టి వచ్చి, నాలుగు రోజుల క్రితం తల్లిని మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఆపరేషన్ చేసిన డాక్టర్ మరాసిగన్ దూదిపుల్లతో చీము తీసి పరీక్షకి పంపింది. "ఇంటి దగ్గర ఇంకేమైనా మందులు వాడారా?" అని అడిగింది. "జామాకు కషాయంతో కడిగామమ్మా, అంతే" అంది పురింగ్, కన్నార్పకుండా. మాంగ్ దోరో అప్పుడు పైన తిరుగుతున్న ఫ్యానుని చాలా శ్రద్ధగా చూశాడు.

నిన్న సాయంత్రం డాక్టరమ్మే ఫోన్ చేసింది. చీములో ఉన్న క్రిమి మామూలు మందులకి లొంగడం లేదు, ఒకే ఒక్క మందు మిగిలేలా ఉంది, రేపు మధ్యాహ్నం తీసుకొస్తే చేర్చుకుంటాను అంది. "ఆవిడ ఒంట్లోకి పోయిన ప్రతి మందూ నాకు తెలియాలి. ఒక్కటి దాచినా నేను చీకట్లో బాణం వేసినట్టే" అని మరీ మరీ చెప్పింది. ఈ పొద్దున దుప్పటి మారుస్తుంటే లూడీకి ఈ షీట్లు దొరికాయి.

"అమ్మేమన్నా పుంజా నాన్నా?"

"ఎందుకే అంతేసి మాటలు? మాంసం మాంసమే. పుంజుకి పనిచేసింది మనిషికి పనిచెయ్యదా?"

"చేసిందా మరి?"

మాంగ్ దోరో కప్పు కింద పెట్టాడు. "ప్రతిసారీ మొదట్లో చేసింది" అన్నాడు మెల్లిగా.

మా వైపు పెద్దాయన పేరు ముందు 'మాంగ్' చేర్చి పిలవడం మర్యాద. మాంగ్ దోరో ఎవరని మా ఊళ్ళో నిద్రపోయే పిల్లాణ్ణి లేపి అడిగినా చెబుతాడు. ఆదివారం వచ్చిందంటే కోడిపందేల బరి వెనక రేకుల షెడ్డులో, ఎర్ర ఇనప్పెట్టె పక్కన పెట్టుకుని కూర్చుంటాడు. కత్తి దెబ్బకి పేగులు బయటపడ్డ పుంజుని లోపల సర్ది, కుట్టి, నాలుగు నెలల్లో మళ్ళీ బరిలోకి దించిన చెయ్యి అది. ముప్ఫై రెండేళ్ళలో తన చేతిలో చీము పట్టి చచ్చిన పుంజు ఒక్కటీ లేదంటాడు. చచ్చినవన్నీ పులుసులోకి పోయాయి కాబట్టి ఆయనకి గుర్తులేదంటుంది పురింగ్. డాక్టరు లేని ఆదివారాలు మా ఊళ్ళో బోలెడు గాని మాంగ్ దోరో లేని ఆదివారం లేదు. తెగిన వేళ్ళూ, మేకు గుచ్చుకున్న పాదాలూ పట్టుకుని మేమంతా ఆయన దగ్గరికే పరిగెత్తాం. నేనూ పరిగెత్తాను. ఆయన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు.

"ఇవాళ డాక్టరమ్మకి నువ్వే చెప్పాలి" అంది లూడీ. "ఏమేం ఇచ్చావో, ఎన్నేసి రోజులు ఇచ్చావో నాకు తెలీదు. అమ్మ చెప్పదు. నీకొక్కడికే తెలుసు."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే అమ్మ చచ్చిపోతుంది."

అలా అనాలని లూడీ అనుకోలేదు. నోరు జారింది. తెర వెనక మంచం కిర్రుమంది.

అంతలో గేటు దగ్గర మోటారు ఆగింది. "మాంగ్ దోరో! ఉన్నావా? నా డేగ పుంజు పోతోంది బాబోయ్!"

మోటారు సైకిలుకి పక్క తొట్టి బిగించిన ట్రైసికిల్ తోలే మెల్చోర్. చొక్కా విప్పి అందులో పుంజుని చుట్టుకొచ్చాడు. పక్కింటివాడి కాకి పుంజు తాడు తెంపుకుని వచ్చి దీని రొమ్ము చీల్చేసిందట.

మాంగ్ దోరో కాళ్ళు వాటంతటవే లేచాయి. దొడ్లో గంపల పక్కన పీట వేసుకుని, ఎర్రపెట్టె తెరిచాడు. పుంజు గొంతులో పేరుకున్న రక్తాన్ని నోటితో పీల్చి ఉమ్మేశాడు. సూదిలో దారం ఎక్కించాడు. ఆరు కుట్లు. ఆ తర్వాత ఒక గొట్టం మాత్రని రెండు వేళ్ళతో విరిచి, అందులో పసుప్పచ్చ పొడిని కుట్ల మీద చల్లాడు, వేపుడు మీద ఉప్పు చల్లినంత తేలిగ్గా.

వంటింటి కిటికీలోంచి లూడీ చూస్తూనే ఉంది. అదే పసుప్పచ్చ మరక తల్లి కట్టు గుడ్డ మీద చూసి పసుపనుకుంది ఇన్నాళ్ళూ.

"ఎన్ని రోజులెయ్యాలి మందు?" అడిగాడు మెల్చోర్.

"మూడు రోజులు. తేరుకోగానే ఆపెయ్. మందు ఒంట్లో ఉంటే పుంజు బరువెక్కుతుంది, బరిలో కాలు లేవదు."

వేలసార్లు చెప్పిన మాటే. ఈసారి అది అంటూనే పెట్టె మూత వెయ్యబోయి సగంలో ఆపేశాడు. కిటికీ వైపు చూశాడు. లూడీ పక్కకి తప్పుకుంది.

"ఏమైంది మాంగ్ దోరో?"

"ఏం లేదు. నీ పుంజుని తీసుకుపో. పదకొండింటికి బండి తీసుకురా, ఆసుపత్రికి వెళ్ళాలి."

మెల్చోర్ బయల్దేరేసరికి ఆయన పంపు దగ్గర బట్టల సబ్బుతో చేతులు రుద్దుకుంటున్నాడు. ఒకసారి కడిగి, వాసన చూసుకుని, మళ్ళీ రుద్దాడు. మూడోసారి మోచేతుల దాకా రుద్దాడు.

"పెళ్ళిచూపులకా ఏంటి?" అని నవ్వాడు మెల్చోర్ బండి తిప్పుకుంటూ. మాంగ్ దోరో సబ్బు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

*

"సబ్బు వాసనొస్తున్నావు. ఎవరితోనోయ్ సరసం?" అంది పురింగ్.

మాంగ్ దోరో మంచం పక్కన ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. ఆమె చెయ్యి చాపింది. ఆయన తన చేతుల్ని వెనక్కి పెట్టుకున్నాడు.

"ఇవి నీకు తగలకూడదు."

"ముప్ఫై ఆరేళ్ళు తగిలినవే కదా."

"అదే తప్పేమో."

పురింగ్ ముఖం పాలిపోయింది గాని కళ్ళలో చిలిపితనం పోలేదు. రవిక మీద ఎప్పుడూ ఉండే ముత్యం తల పిన్నులు ఇప్పుడూ ఉన్నాయి, మూడో నాలుగో. మే నెల ఊరేగింపులో మరియమాత విగ్రహానికి బట్టలు కట్టేది ఆమె. మడత మడతకీ ఒక ముత్యం పిన్ను. ఇరవై రెండేళ్ళుగా ఆ పని వేరేవాళ్ళని ముట్టుకోనివ్వలేదు.

అసలు గొడవంతా ఆ ఊరేగింపుతోనే వచ్చింది. ఆపరేషన్ అయిన పదో రోజుకి కోత ఎర్రబడితే ఆసుపత్రిలో ఏడు రోజులకి మాత్రలు రాసిచ్చారు. ఊరేగింపు ఇంకో వారంలో ఉంది. "ఈ ఒక్కసారి నన్ను నడవనివ్వు దోరో" అని పురింగ్ ఏడ్చింది. మాంగ్ దోరోకి తెలిసిన విద్య ఒక్కటే. పుంజుని బరికి తయారుచేసినట్టే పెళ్ళాన్నీ తయారుచేశాడు. కోత చల్లబడింది కదాని నాలుగో రోజున మాత్రలు ఆపేశాడు, ఒళ్ళు తేలికపడాలని. పొద్దున్నే లేత ఎండలో కూర్చోబెట్టాడు. ఉడకబెట్టిన మొక్కజొన్న పొత్తులు పెట్టాడు. పిక్కలకి కొబ్బరినూనె రాశాడు. పురింగ్ చర్చి దగ్గర్నుంచి వంతెన దాకా మరియమాత కొంగు పట్టుకుని నడిచింది. ఇంటికొచ్చేసరికి ఒళ్ళు పెనంలా కాలింది.

అప్పుడు ఎర్రపెట్టె తెరుచుకుంది. రెండు రోజులు మాత్రలు, జ్వరం దిగింది, ఆపేశాడు. మళ్ళీ చీము, ఈసారి ఇంకో రకం. దిగింది, ఆపేశాడు. మూడోసారి సూది.

"ఏడు రోజులకిచ్చారు. నేనే కదా ఆపింది" అన్నాడు ఆయన.

"నేనే కదా అడిగింది."

"పుంజు అడిగితే దించుతామా, గాయం మానకుండా?"

"నన్ను దించావుగా. వంతెన దాకా ఎక్కడా ఆగకుండా నడిచాను. గెలిచానా, లేదా?"

ఆయన తల వంచుకున్నాడు. "గెలిచావు" అన్నాడు.

"మరి ఏడుపెందుకు? ఇటు చూడు. డాక్టరమ్మకి నువ్వేం చెప్పొద్దు. ఆ పిల్ల కోపిష్టిది, అందరి ముందూ నిన్ను కడిగేస్తుంది. రేపట్నుంచి బరి దగ్గర నీ మొహం ఎవరైనా చూస్తారా? నేనే చెబుతాలే, బజార్లో కొనుక్కుని మింగానని."

"నీకు మందుల పేర్లు తెలీవుగా."

"అన్నీ తెలుసు. వారం వారం నీ పెట్టె తుడిచేది ఎవరనుకున్నావు?"

ఆమె చెయ్యి ఇంకా దుప్పటి మీద చాపే ఉంది. ఆయన దానికేసి చూస్తూ కూర్చున్నాడు గాని పట్టుకోలేదు.

లూడీ గంజన్నం గిన్నెతో తెర పక్కన ఎంతసేపట్నుంచి నిలబడిందో తెలియదు. లోపలికి వచ్చి గిన్నె పెట్టింది. గంజన్నం మధ్యలో ఉడకబెట్టిన గుడ్డు.

"గుడ్డొద్దే! నీచు తగిలితే పుండు..." అని మాంగ్ దోరో లేవబోయి, ఆగాడు. ఐదు వారాలుగా ఆ ఇంట్లో పురింగ్‌కి చేప లేదు, గుడ్డు లేదు, కోడి లేదు, ఆయన మాట మీదే. డాక్టరమ్మ మొన్న ఆమె చేతి ఎముక పట్టుకుని చూసి, "మాంసం ఎక్కడిది ఈవిడకి, కోత దేంతో మానుతుంది?" అంది.

ఆయన మళ్ళీ కూర్చున్నాడు. "పెట్టు. రెండు పెట్టు" అన్నాడు.

లూడీకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ మింగి తల్లికి చెంచాతో పెట్టింది.

*

పదకొండింటికి మెల్చోర్ బండి వచ్చింది. పురింగ్‌ని పక్క తొట్టిలో లూడీ ఒళ్ళోకి వాల్చి కూర్చోబెట్టారు. మాంగ్ దోరో లోపలికి వెళ్ళి, ఎర్రపెట్టె పట్టుకొచ్చి, మెల్చోర్ వెనక ఎక్కాడు.

"అదెందుకు నాన్నా?"

"అన్నీ తెలియాలంది కదా డాక్టరమ్మ."

లూడీ తండ్రి ముఖంలోకి చూసింది. పొద్దుట్నుంచీ మొదటిసారి.

"పెట్టె వద్దు దోరో" అంది పురింగ్. "బరువు. ఇంట్లో పెట్టి రా."

"నా ఒళ్ళోనే కదా ఉంది."

"వద్దన్నానా! పేర్లు నోటితో చెబితే చాలదా? పెట్టెందుకు ఊరేగించడం?"

"ఊరేగింపులు నీకే గాని నాకుండవా?" అన్నాడు ఆయన. మెల్చోర్ పకపకా నవ్వి బండి ఉరికించాడు. దారిలో ఇంకో రెండుసార్లు "పెట్టె వెనక్కి పంపెయ్" అంది పురింగ్. మొగుడి పరువు కోసం పాకులాడుతోందనుకుంది లూడీ. తల్లి నుదుటి మీద జుట్టు సర్దింది.

ఆసుపత్రిలో చివరి గది ఇచ్చారు, ఒక్క మంచమే ఉన్నది. డాక్టర్ మరాసిగన్‌కి ముప్ఫై ఐదేళ్ళుంటాయి, కళ్ళ కింద నిద్రలేని నలుపు. కట్టు విప్పి చూసి, మళ్ళీ కప్పింది. జేబులోంచి ఒక కాగితం తీసింది.

"ఇందులో పద్నాలుగు మందుల పేర్లున్నాయి. మీ చీములోని క్రిమి పదమూడింటికి లొంగదు. మేమిచ్చినవి రెండే రకాలు. మిగతావాటి దెబ్బ ఇది ఎక్కడ తిని రాటుతేలింది?"

పురింగ్ నోరు తెరిచింది. "నేనే డాక్టరమ్మా, బజార్లో..."

"ఊరుకో పురింగ్."

గొంతు పెద్దగా లేదు గాని పురింగ్ ఊరుకుంది. మాంగ్ దోరో పెట్టెని కుర్చీ మీద పెట్టి మూత తీశాడు. సూదులు, దారపు ఉండలు, స్పిరిట్ సీసా, కోడిబొమ్మ మాత్రలు, రబ్బరు మూతల చిన్న సీసాలు. ఒక్కొక్కటే తీసి మంచం చివర దుప్పటి మీద పెట్టాడు.

"ఇది రెండు రోజులు. ఊరేగింపు అయ్యాక. ఇది పుండు మీద చల్లాను, వారం పైన. ఇది మూడు రోజులు, పూటకొకటి. ఈ సూది రెండుసార్లు, నేనే పొడిచాను. ముందు మీరిచ్చినవి ఏడు రోజులకి, నాలుగు రోజులే వేసి ఆపేశాను. అబద్ధం చెప్పినందుకు ఆవిణ్ణి ఏమనొద్దు. నా కోసం చెప్పింది."

అందరూ కోపం కోసం ఎదురుచూశారు. డాక్టరమ్మ రాసుకుంటూ పోయింది. రాయడం అయ్యాక తలెత్తింది.

"ప్రతిసారీ తగ్గగానే ఆపేశారా?"

"ఆపేశాను."

"మీరు పందేల మనిషి. చావుదెబ్బ తిని బతికి బయటపడిన పుంజు మళ్ళీ బరిలోకొస్తే ఎలా ఉంటుంది?"

మాంగ్ దోరో పెట్టె వైపు చూశాడు. "దానికి కత్తంటే తెలిసిపోతుంది. ఎట్నుంచి వస్తుందో కూడా తెలుస్తుంది. దాని మీదికి మామూలు పుంజుని వదలం."

"ఈ క్రిమిని నాలుగుసార్లు బతకనిచ్చాం" అందామె. "మొదట కోతలోకి ఇది మా దగ్గరే చేరిందో, మీ చేతుల్నుంచి చేరిందో నేను చెప్పలేను. అందుకని మిమ్మల్ని ఒక్కర్నే తిట్టే హక్కు నాకు లేదు. ఇంకా ఏమైనా ఉన్నాయా లోపల?"

ఆమే వంగి, పెట్టె అడుగు అరలోంచి ఒక తెల్ల పొట్లం తీసింది. మీద కోడిపిల్లల బొమ్మ. అచ్చు అక్షరాలు చదివి, తన కాగితంలో ఆఖరి వరసతో సరిచూసుకుంది. మళ్ళీ చూసుకుంది.

"ఇది దేనికి?"

"పారుడు పట్టిన కోడిపిల్లలకి. నీళ్ళలో కలిపి పెడతాం."

"దీని పేరు కొలిస్టిన్. ఈ కాగితంలో మిగిలిన పద్నాలుగో పేరు ఇదే. మా దగ్గర దీన్ని తాళం వేసి ఉంచుతాం. అన్నీ అయిపోయాక, ఇంక దారి లేదంటేనే తీస్తాం." ఆమె పొట్లాన్ని ఆయన ముందుకి చాపింది. "ఇది మీరు ఆవిడకిచ్చారా?"

"లేదు!" మాంగ్ దోరో గబగబా అన్నాడు. "ఇది మాత్రం లేదు డాక్టరమ్మా. ఇది పెద్ద పుంజులకి కూడా ఇవ్వను. పోయిన నెల కొన్నాను, మూతి కూడా విప్పలేదు. మరియమాత మీద ఒట్టు."

డాక్టరమ్మ ఊపిరి వదిలింది. "అయితే ఇంకా దారుంది. నాలుగు రోజుల నాటి చీములో క్రిమి దీనికి లొంగుతోంది. ఇవాళే మొదలుపెడదాం."

లూడీ తండ్రి భుజం పట్టుకుంది. ఆయన ఆ చెయ్యి మీద గడ్డం ఆనించాడు.

డాక్టరమ్మ పొట్లాన్ని మిగతావాటి పక్కన పెట్టబోతూ చేతిలో అటూ ఇటూ తూచింది. "మూతి విప్పలేదన్నారే?"

పొట్లం సగమే ఉంది. మూతి చింపి, రెండు మడతలు వేసి, పిన్నుతో బిగించి ఉంది. ముత్యం తల పిన్ను.

మాంగ్ దోరో పిన్నుని చూశాడు. లూడీ చూసింది. ఇద్దరూ మంచం వైపు తిరిగారు.

పురింగ్ కిటికీకేసి చూస్తోంది. "నువ్వు అన్నం మానేశావు దోరో" అంది. "మొన్న ఇక్కణ్ణుంచి ఇంటికెళ్ళాక ఒక్క ముద్ద ముట్టలేదు. దొడ్లో కూర్చుని పుంజుల ముందు ఏడ్చావు. నేను లేచి రెండడుగులు తిరిగితే తింటావనుకున్నాను. నీ పెట్టెలో నువ్వు నాకివ్వంది అదొక్కటే మిగిలింది."

"ఎప్పట్నుంచి?" అడిగింది డాక్టరమ్మ.

"చీము తీసుకున్నారే, ఆ సాయంత్రం నుంచి."

"తాగారా, పుండు మీద చల్లారా?"

"రెండూను. పొద్దున కొంచెం, సాయంత్రం కొంచెం." ఆమె బెదురుగా అందరి ముఖాలూ చూసింది. "ఎక్కువేం వెయ్యలేదమ్మా. నిన్నట్నుంచి కాస్త నెమ్మదించినట్టుందని సగమే వేస్తున్నాను."

పురింగ్ తిట్లకి సిద్ధంగా దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. అంత పెద్దమనిషి ఆ క్షణాన మరీ చిన్నపిల్లలా కనిపించింది.

డాక్టర్ మరాసిగన్ నర్సుని పిలిచి దూదిపుల్ల తెప్పించింది. కట్టు విప్పి, చీము మళ్ళీ తీసింది. "ఇప్పుడు కూడా ఆ మందుకి లొంగుతుందో లేదో తెలియడానికి మూడు రోజులు పడుతుంది" అంది.

"అందాకా?" అంది లూడీ.

"అందాకా దీన్నే సరైన మోతాదులో నరంలోకి ఎక్కిస్తాం. వేరే మందు లేదు. లొంగితే ఆవిడ ఒళ్ళే చెబుతుంది. లొంగకపోయినా ఒళ్ళే చెబుతుంది. దీంతో మూత్రపిండాలకి ప్రమాదం, అదీ చూసుకోవాలి. ఇక ఈ గదిలో మందు పెట్టే చెయ్యి మాదొక్కటే. తెలిసిందా?"

"తెలిసింది" అన్నాడు మాంగ్ దోరో. పెట్టె సర్ది, మూత వేసి, ఆమెకే ఇచ్చాడు. "ఇది మీ దగ్గరే ఉంచండి."

ముప్ఫై రెండేళ్ళలో ఆ పెట్టె ఇంకొకరి చేతికి వెళ్ళడం మేమెవరం చూడలేదు.

నర్సు సీసా తగిలించి, సూది పెట్టి, చుక్కల వేగం సరిచేసి వెళ్ళింది. మాంగ్ దోరో గది మూల బేసిన్ దగ్గర మోచేతుల దాకా సబ్బు రాసుకుని, గోళ్ళ సందులు కూడా కడుక్కున్నాడు. లూడీ శుభ్రమైన తువ్వాలు అందించింది. తుడుచుకుని వచ్చి, మంచం పక్కన కూర్చుని, పొద్దుట్నుంచీ చాపి ఉన్న ఆ చేతిని ఇప్పుడు పట్టుకున్నాడు.

"కోపమా?" అంది పురింగ్.

"నా మీద."

"నా మీద లేదా?"

"నీ మీద కూడా కొంచెం."

"ఈసారి ఎన్ని రోజులు దోరో?"

"వాళ్ళు చెప్పినన్ని రోజులు. నువ్వు నాట్యం చేసినా ఆపేది లేదు."

ఆమె నవ్వింది. ఆయన నవ్వబోయి ఆగాడు. చేతిలో చెయ్యి వేడిగా ఉంది. తను చన్నీళ్ళతో కడుక్కుని వచ్చాడు కదా, అందుకేమో అనుకున్నాడు. వేళ్ళు మడిచి ఆమె చంక కింద పెట్టి చూశాడు. పుంజు రెక్క కింద చెయ్యి పెట్టి ఎన్ని వేలసార్లు వేడి చూశాడో, ఆ చెయ్యికి పొరపాటు ఉండదు. పొద్దున జ్వరం మాటే లేదు. గంట క్రితం డాక్టరమ్మ కట్టు విప్పినప్పుడు కూడా లేదు.

పురింగ్ ఆయన కళ్ళలోకి చూసింది. ఆయనకి తెలిసిందని ఆమెకి తెలిసింది.

"చెప్పకు" అంది పెదవులు కదిపీ కదపకుండా. "చలి పుడుతోందంతే. లూడీ ఇప్పుడే కదా కాస్త ఊపిరి పీల్చుకుంది. కాసేపాగు."

కిటికీ దగ్గర లూడీ తండ్రికోసం ఇంటినుంచి తెచ్చిన గంజన్నం గిన్నెలోకి వంపుతోంది. అందులో గుడ్డు కూడా వేసింది.

మాంగ్ దోరో పెళ్ళాం చెయ్యి వదల్లేదు. తల మాత్రం తలుపు వైపు తిప్పాడు.

"డాక్టరమ్మా!" అని గట్టిగా పిలిచాడు. "ఒకసారి రండమ్మా. ఈవిడ ఒళ్ళు కాలిపోతోంది."